రాసినవారి పేరు

"మీరు ఆ పెట్టె మీంచి లేస్తారా, లేవరా?"

అమలమ్మ ఈ మాట అడగడం పొద్దుట్నుంచి ఇది నాలుగోసారి. శౌరయ్య లేవలేదు. గోడవారనున్న ఆకుపచ్చ ట్రంకుపెట్టె మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, చేతులు రెండూ మోకాళ్ళ మీద బోర్లించి, ఎవరో ఫోటో తీస్తున్నట్టు కదలకుండా ఉన్నాడు. పోనీ ఆ పెట్టెలో ఉన్నవి బంగారు కడ్డీలా అంటే, పాడూ కాదు. చౌడేశ్వరీ వస్త్ర భండారు వారి పద్దు పుస్తకాలు.

"అన్నం చల్లారిపోతోంది."

"నాకొద్దు."

"మీకొద్దు, సరే. వాళ్ళొచ్చే వేళయింది. మనిషి పెట్టె మీదెక్కి కూర్చున్నాడంటే ఏవనుకుంటారు? దొంగసొత్తు దాచాడనుకోరూ?"

"ఇప్పుడు కొత్తగా అనుకునేదేవుంది? అనుకోబట్టే కదూ మొన్న బుధవారం కొట్లో బేరానికొచ్చిన నలుగురి ముందూ అన్నాడు. 'పుస్తకాలు రిక్షాలో వేసి పంపించేయండి శౌరయ్య గారూ' అని. గారుట! గారు!"

ఆ గారు దగ్గరే ఆయనకి కడుపు మండింది. మండదూ మరి! షావుకారు కొడుకు రామలింగం అయిదేళ్ళవాడిగా ఉన్నప్పుడు కొట్లో శౌరయ్య ఒళ్ళో కూర్చుని పలక మీద అక్షరాలు దిద్దాడు. అప్పట్నుంచీ 'గుమస్తా బాబాయ్' అంటూ చొక్కా పట్టుకుని తిరిగినవాడు. తండ్రి మల్లేశ్వరరావు పోయి ఏడాది తిరక్కుండానే బాబాయ్ పోయి గారు వచ్చింది. దాని వెనకాలే బీకాం చదివిన కొత్త గుమస్తా వచ్చాడు.

"పంపించేస్తే పోయేది" అంది అమలమ్మ, తనకే నమ్మకం లేని గొంతుతో.

"అప్పగింత లేకుండానా? ఇరవై మూడేళ్ళు రాసినవాణ్ణి, అప్పగింత లేకుండా పుస్తకాలు రిక్షాలో పంపించాననుకో. రేపు ఒక కాగితం తగ్గిందంటారు, ఒక పేజీ చింపాడంటారు. ఆ తరవాత గుణదలలో నాచేత లెక్కలు రాయించుకునే ఈ రెండు చిల్లర కొట్లవాళ్ళు మాత్రం నా గడప తొక్కుతారా? ఇహ మనం తినేది ఆ గింజలే కదటే!"

అదీ నిజమే. విజయవాడ వన్‌టౌన్ బట్టల కొట్లలో గుమస్తా మారితే ఒక పద్ధతుంది. పాత గుమస్తా ఒక్కొక్క పుస్తకమూ తన చేత్తో తెరిచి, ఆఖరి పేజీ పైకి చదివి, షావుకారు చేతిలో పెడతాడు. ఏయే పుస్తకాలిచ్చిందీ కాగితం మీద రాసి, అడుగున 'రాసినవారు' అని తన పేరు పెడతాడు. షావుకారు ముట్టినట్టు సంతకం చేస్తాడు. ఆ కాగితం ఉన్న గుమస్తాని ఇంకో కొట్టువాడు పిలిచి కుర్చీ వేస్తాడు. లేనివాణ్ణి అరుగు కూడా ఎక్కనివ్వడు. పద్ధతి మంచిదే, కాదనేవాడెవడు? కాకపోతే అందులో 'పైకి చదివి' అనే ముక్క ఒకటుంది. అమలమ్మ గుండెల మీద కుంపటి ఆ ముక్కే.

శౌరయ్యకి కళ్ళు లేవు.

ఉన్నాయి, చూడ్డానికి బాగానే ఉన్నాయి. రెండేళ్ళ క్రితం పెద్ద డాక్టరు లైటు వేసి చూసి, "నీటికాసులయ్యా. ఆలస్యంగా వచ్చావు, నరం ఎండిపోయింది. ఉన్న చూపు నిలిస్తే అదే పదివేలు" అన్నాడు. అది నిలవలేదు. ఇప్పుడు వెలుతురూ నీడా తెలుస్తాయి, ఎదురుగా మనిషున్నట్టు తెలుస్తుంది. అక్షరం మాత్రం పోయింది.

ఈ సంగతి తెలిసింది దేవుడికీ, అమలమ్మకీ. ఇంకెవరికీ చెప్పొద్దని ఆయన గుణదల కొండ మీద మరియమ్మ ఎదుట ఆమె చేత మాట తీసుకున్నాడు. "కళ్ళు లేని గుమస్తాకి జీతమెవడిస్తాడే" అన్నాడు. కొట్టు మెట్లు అలవాటు, బల్ల అలవాటు, మనుషుల గొంతులు అలవాటు. రోజంతా కొట్లో కూర్చుని, సాయంత్రం ఆ రోజు చీటీలన్నీ సంచీలో వేసుకుని, "ఇక్కడ గోలండీ, ఇంట్లో కుదురుగా రాస్తాను" అని తెచ్చేవాడు. అమలమ్మ చీటీ చదివేది. ఏ పద్దు ఎక్కడెక్కాలో ఆయన చెప్పేవాడు. ఆమె రాసేది.

ఊరికే రాయడమా! కన్యాస్త్రీల బళ్ళో ఎనిమిదో తరగతి దాకా చదివిన మనిషి, నలభై రెండో ఏట మళ్ళీ ఓనమాలు దిద్దింది. పాత పుస్తకాలు ముందేసుకుని ఆయన రాతలాగే రాత వచ్చేదాకా రాసింది. మూడు నెలల తరవాత మల్లేశ్వరరావు పుస్తకం తిరగేసి, "ఏవయ్యా శౌరయ్యా, ఈమధ్య నీ దస్తూరీ మరీ కుదిరిందయ్యా" అన్నాడట. ఆ మాట ఇంటికొచ్చి చెబితే మొగుడూ పెళ్ళాలిద్దరూ పడీపడీ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే ఆయన ఏడ్చాడు.

"ఆ రామలింగం అడిగేది ఒక్క మాటేనండీ" అంది అమలమ్మ ఇప్పుడు, చెంగుతో మొహం తుడుచుకుంటూ. "నా కొట్టు పుస్తకాలు నాకివ్వమంటున్నాడు. అవి అతనివి కావూ?"

"కావు. పుస్తకాలు రాసినవాడివి. వాడి చేత్తో వాడిచ్చేదాకా రాసినవాడివే."

"అయితే అవి నావి కదండీ?"

అనకూడదనుకుంటూనే అనేసింది. నోరు జారాక నాలిక కరుచుకుని ఏం లాభం? శౌరయ్య ఒక్కసారిగా చిన్నవాడైపోయాడు. పెట్టె మీంచి మెల్లిగా దిగి, గోడ తడుముకుంటూ వెళ్ళి కిటికీ దగ్గర నుంచున్నాడు. అంత సేపట్నుంచీ లెమ్మంటే లేవనివాడు లేచాడు. ఆమెకి మాత్రం ఏడుపు ముంచుకొచ్చింది.

"ఏవండీ, నేనేదో..."

"లేదులే. పుస్తకాలు తియ్యి. ఇంకోసారి ఒప్పజెబుతాను."

బుధవారం నుంచీ ఇదే పని. కావలసినవి ఆఖరి నాలుగు పుస్తకాలు. డెబ్భై నాలుగూ డెబ్భై అయిదు సంవత్సరానికి రోజువారీ చిట్టా ఒకటి, ఖాతాల ఆవర్జా ఒకటి. ఆ మరుసటేడాదికి అలాగే రెండు. నాలుగూ ఎర్రగుడ్డ అట్టలవే, నాలుగూ ఒకే సైజు. ఏది ఏదో ఆయనకి తెలియడానికి అమలమ్మ పుస్తకం కట్టే తాడు కొసన కప్పలదొడ్డి నేతగాళ్ళ నూలుపోగు కట్టి ముడులు వేసింది. మొదటిదానికి ఒకటి, రెండోదానికి రెండు, అలా నాలుగు. వేలితో తడిమితే చాలు. నాలుగు పుస్తకాల ఆఖరి పేజీలూ ఆమె చదవడం, ఆయన కంఠతా పట్టి తిరిగి చెప్పడం.

"మధ్యపేజీ ఏదైనా చదవమంటేనో?"

"అనడు. పద్ధతి ఆఖరి పేజీయే. ప్రార్థనలన్నీ నోటికొచ్చినవాణ్ణి, నాలుగు పేజీలు రావూ?"

వీధిలో రిక్షా గంట మోగింది.

*

ముగ్గురొచ్చారు. ముందు రామలింగం, ఇరవై ఎనిమిదేళ్ళవాడు, మొహం గంటు పెట్టుకుని. వెనకాల అతని తల్లి సుబ్బరత్నం. పాత గుమస్తా తన మాట వినకపోయినా అమ్మ మాట వింటాడని తెచ్చినట్టున్నాడు. ఆ వెనకాల కొత్త గుమస్తా రామకోటేశ్వరరావు, ఇస్త్రీ బుష్‌షర్టు, జేబులో రెండు పెన్నులు, చంకలో జిప్పు సంచీ. చెడ్డవాడు కాదు పాపం. శుభ్రం ఒక్కటే కాస్త ఎక్కువ. గుమ్మంలో చెప్పులు విడిచి, తనవే కాదు, పక్కనున్న రామలింగం చెప్పులు కూడా జతగా సర్ది మరీ లోపలికొచ్చాడు.

"కూర్చో బాబూ. కూర్చోండమ్మగారూ" అన్నాడు శౌరయ్య, గొంతులు ఎక్కణ్ణుంచొస్తున్నాయో కనిపెట్టి అటు తిరుగుతూ.

"కూర్చోడానికి రాలేదండీ" అన్నాడు రామలింగం. "సోమవారం పదింటికి సేల్స్‌టాక్సు ఆఫీసులో హాజరు కావాలి. ఇవాళ శనివారం. మధ్యలో ఒక్క రోజుంది. మూడు రోజుల్నుంచి మనిషి మీద మనిషిని పంపించాను. నా పుస్తకాల కోసం నేను మీ గుమ్మంలో నుంచోవాలా?"

"నుంచోవద్దనే కదా కూర్చోమంటున్నాను."

సుబ్బరత్నం నులక మంచమ్మీద కూర్చుంది. రామలింగం నుంచునే ఉన్నాడు.

రామకోటేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, నాకు మీమీద ఏ కోపం లేదండీ. న్యాయంగా మాట్లాడుకుందాం. పుస్తకాలు కొన్న డబ్బు కొట్టుది. సిరా కొట్టుది. రాసినందుకు జీతం కొట్టిచ్చింది. ఇహ అందులో మీదేవుందండీ?"

"మీరు బట్టల కొట్టుకి కొత్త. అమ్మగారినడగండి చెబుతారు. నూలు కొట్టుదే, మజూరీ కొట్టుదే. కానీ మగ్గం మీదున్న బట్ట నేతగాడు తప్ప ఇంకొకడు కొయ్యడు. వాడు కోసి, మడత పెట్టి, చేతికిచ్చాకనే అది షావుకారు బట్ట. అవునా అమ్మగారూ?"

"అవును. మా మామగారి నాటినుంచీ అంతే" అంది సుబ్బరత్నం.

"నువ్వూరుకో అమ్మా!" రామలింగం గొంతు లేచింది. "నేతగాడు బట్ట దాచుకోడు గదా? రెండేళ్ళుగా ఈయన కొట్లో పుస్తకం విప్పగా ఒక్కళ్ళు చూళ్ళేదు. నాన్న పోయినప్పుడు ఖాతాలు చూపించమన్నాను. రేపన్నారు, ఎల్లుండన్నారు, ఇంటి దగ్గరున్నాయన్నారు. ఏం, ఎందుకు? మీరు తిన్నారని నేనన్లేదు. నా నోట రాదు ఆ మాట. కానీ ఎందుకో చెప్పండి. తప్పు లేకపోతే చెప్పండి!"

గుమ్మం పక్కన అమలమ్మ తలుపు చెక్క పట్టుకుంది. చెప్పేస్తే పోతుంది, చెప్పేయండీ, అని లోపల్లోపల అరిచింది. శౌరయ్య పెదవులు కదిలాయి.

"అప్పగింతలో చూసుకుందువుగాని" అన్నాడు ఆయన.

"సరే, కానివ్వండి అప్పగింతే!"

"అలాగే సోమవారం వీరు కూడా రావాలండీ" అన్నాడు రామకోటేశ్వరరావు. "ఆఫీసరు మొదటడిగేదే, ఈ పుస్తకాలు రాసిందెవరని. రాసిన మనిషి ఎదురుగా నుంచుని నా రాతేనని చెప్పాలి. ఎవరు రాశారో తేలకపోతే పుస్తకాలు పక్కన పడేసి, తనకి తోచినంత పన్ను వేస్తాడు. కొట్టు అమ్మినా చాలదు."

సుబ్బరత్నం లేచింది. "అమలమ్మా, గొంతెండిపోతోంది. కాస్త మజ్జిగుంటే ఇస్తావా?"

అమలమ్మ తెల్లబోయింది. ఇరవై మూడేళ్ళలో పండక్కీ పబ్బానికీ ఈ ఇంటికొచ్చి పసుపూ పళ్ళూ ఇచ్చి వెళ్ళిందే గాని, ఆమె ఇక్కడ మంచినీళ్ళు ముట్టలేదు.

వంటింట్లో సుబ్బరత్నం గొంతు తగ్గించింది. "మజ్జిగ్గాదు గాని, నీతో మాట్లాడాలనొచ్చాను. వాడు చిన్నవాడు, నోటిదురుసు. మీ ఆయన సంగతి నాకు తెలుసు. అర్ధణా పక్కకి పెట్టే మనిషి కాడు. మరి ఏవుందే ఆ పుస్తకాల్లో? మావారు ఏదైనా దాయమన్నారా? ఎవరైనా ఆడమనిషి ఖాతా ఏదైనా..."

"అయ్యయ్యో! అమ్మగారూ, అంత మాటనకండి. ఆ దేవుడులాంటి మనిషిని!"

"మరేవిటే? నువ్వేనా చెప్పు. మొగుడు పోయిన దాన్ని. కొట్టు పోతే నేనూ నా కొడుకూ ఎక్కడికెళ్ళాలి?"

అమలమ్మ కవ్వం పట్టుకుని నుంచుండిపోయింది. మాట నాలిక చివరికొచ్చింది. మరియమ్మ ఎదుట ఇచ్చిన మాట అడ్డమొచ్చింది. మజ్జిగలో ఉప్పు వేసిందో లేదో గుర్తులేక మళ్ళీ వేసింది. గ్లాసు చేతికిస్తే సుబ్బరత్నం కళ్ళు మూసుకుని గటగటా తాగేసింది. ఉప్పు కషాయంలా ఉండుంటుంది, ఆ మాట మాత్రం అనలేదు.

*

వాళ్ళు ముందు గదిలోకొచ్చేసరికి నాలుగు పుస్తకాలూ చాప మీద దొంతరగా ఉన్నాయి. దుమ్ము దులిపి, అంచులు కలిపి, ఎంత ముచ్చటగా పెట్టాడనుకున్నారు రామకోటేశ్వరరావు! ఒక్కొక్కదానికీ తెల్లకాగితం ముక్క అంటించి నంబరు కూడా వేస్తున్నాడు. పక్కన చిన్న కత్తెర.

అమలమ్మ చూపు చాప అంచుకి పోయింది. అక్కడ నాలుగు నూలుపోగులు, ముడులతో సహా, ఊడ్చిపారేసే చెత్తలా పడున్నాయి.

తను ఒకటీ రెండూ మూడూ నాలుగూ వరసన పెట్టి వెళ్ళింది. ఇతను దులిపి పెట్టేటప్పుడు వరస తారుమారయింది. ఇప్పుడు పైనున్నది నాలుగోది.

"ఇహ మొదలెట్టండి" అన్నాడు రామలింగం.

శౌరయ్య చాప మీద కూర్చుని, కళ్ళజోడు సరిచేసుకున్నాడు. ఆ కళ్ళజోడు ఎందుకో ఆయనకే తెలియాలి. చెయ్యి దొంతర మీదికెళ్ళింది. తాడు దొరికింది, కొస దొరికింది. వేళ్ళు అక్కడ ఆగి, వెతికి, మళ్ళీ వెతికాయి.

"ఏవండీ, అది..." అంది అమలమ్మ.

"అమ్మా, అప్పగింతలో మధ్యలో మాట్లాడకూడదండీ" అన్నాడు రామకోటేశ్వరరావు మర్యాదగానే.

ముడి ఊడిపోయిందనుకున్నాడో, వరసలోనే ఉంటాయని ధైర్యం చేశాడో, శౌరయ్య పైపుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాడు. కట్టు విప్పి, రాసిన పేజీలు ఎక్కడికి ముగుస్తాయో బొటనవేలితో పోల్చుకుని, తెరిచాడు. చూపుడువేలు పేజీ పైన ఆన్చాడు.

"శ్రీ చౌడేశ్వరీ ప్రసన్న. డెబ్భై అయిదు మార్చి ముప్పై ఒకటి, సోమవారం" అని ఎత్తుకున్నాడు. గొంతు ఖంగున మోగింది. "పెడన బేళ్ళు రెండు దిగినవి, బండి కిరాయి నాలుగు రూపాయలు. కప్పలదొడ్డి నాంచారయ్యకు మజూరీ ముప్పై ఆరు. సావిట్లో బల్బు ఒకటి..."

ఒళ్ళోనున్న పుస్తకం డెబ్భై ఆరుది. దాని ఆఖరి పేజీలో అయిదే వరసలున్నాయి. అయిదో వరస దగ్గర ఉద్యోగం పోయింది, రాత ఆగిపోయింది. ఆయన వేలు ఆ అయిదు వరసలూ దాటింది. ఆరో వరసకి దిగింది, ఏడుకి దిగింది. ఒట్టి తెల్లకాగితం మీద ఒక్కొక్క వరసే కిందికి జరుపుతూ, ఎక్కడా తడబడకుండా, పైసలతో సహా చదువుకుపోతున్నాడు.

రామకోటేశ్వరరావు వంగి చూశాడు. నోరు తెరిచాడు. "ఇది చిట్టా కాద..."

రామలింగం చటుక్కున అతని మణికట్టు పట్టుకున్నాడు. ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే కొత్త గుమస్తా మాట అక్కడే ఆగిపోయింది. రామలింగం కళ్ళు ఆ వేలు మీదే ఉన్నాయి. తన చిన్నతనంలో పలక మీద తన వేలు పట్టుకుని నడిపించిన వేలు.

అమలమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది.

"...నగదు నిల్వ నూట నలభై రెండు రూపాయల ముప్పై పైసలు." శౌరయ్య పుస్తకం మూసి తలెత్తాడు. మొహంలో గెలిచినవాడి వెలుగు. "సరిపోయిందా బాబూ?"

రామలింగం కొత్త గుమస్తా మణికట్టు వదిలేశాడు.

"సరిపోయింది" అన్నాడు రామలింగం. "సరిపోయింది, బాబాయ్."

ఎన్ని నెలలకి విన్నాడో ఆ పిలుపు! శౌరయ్య మొహం విప్పారింది. కానీ మనిషి తెలివైనవాడు, కళ్ళు పోయాక చెవులు మరీ పదునెక్కినవాడు. అరగంట క్రితం అరిచిన గొంతు ఇంత మెత్తనెందుకయింది? విప్పారిన మొహం అలాగే వాడిపోయింది. వేళ్ళు మళ్ళీ తాడు కొసకి వెళ్ళాయి. పక్క పుస్తకం తాడు, దాని కింది పుస్తకం తాడు, అన్నీ తడిమాడు.

"అమలా," అన్నాడు అందరి ముందూ, తప్పిపోయిన పిల్లాడిలాగా, "ముడులేవే?"

"ఆ దారాలాండీ?" రామకోటేశ్వరరావు కంగారుపడ్డాడు. "వేలాడుతున్నాయని నేనే కత్తిరించానండీ. ఎందుకండీ అవి?"

కాసేపటికి అతనికే తెలిసింది. వంగి ఆ నాలుగు పోగులూ ఏరి అరచేతిలో పెట్టుకున్నాడు. ఎవరికివ్వాలో తెలియక అలాగే పట్టుకున్నాడు.

"ఎన్నాళ్ళయింది బాబాయ్?" అన్నాడు రామలింగం.

"రెండేళ్ళు."

"నాతో ఒక్క మాట..."

"ఏవని చెప్పను బాబూ? జీతం మానెయ్యమని చెప్పనా?"

రామకోటేశ్వరరావు నెమ్మదిగా అడిగాడు. "అయితే మరి... ఈ రెండేళ్ళూ రాసిందెవరండీ?"

శౌరయ్య నిటారుగా కూర్చున్నాడు. "అప్పగింత ఇంకా అవలేదు. కాగితం రాయాలి. అమలా, పెన్ను తియ్యి."

"ఏవండీ, వద్దండీ!"

"తియ్యవే."

ఆమె తీసింది. ఆయన చెబుతుంటే పీటని బల్లగా పెట్టుకుని రాసింది. డెబ్భై నాలుగూ డెబ్భై అయిదు చిట్టా ఒకటి. ఆవర్జా ఒకటి. అక్షరం ఎక్కడా వంకర పోలేదు. రామలింగం ఆమె భుజమ్మీదుగా వంగి చూస్తూ ఉండిపోయాడు.

"ఇది నీ రాత కదా బాబాయ్" అన్నాడు ఆఖరికి. "నాకు దిద్దబెట్టిన రాత."

సుబ్బరత్నం భోరుమంది. "ఓసి నీ ఇల్లు బంగారంగానూ! దస్తూరీ కుదిరిందన్నారు ఆయన. పోయేదాకా అంటూనే ఉన్నారు. ఆ చెయ్యి నీదటే అమలమ్మా!"

అమలమ్మ నాలుగో పుస్తకం కూడా రాసి, కింద గీత గీసింది. గీత కింద 'రాసినవారు' అని రాసింది. అక్కడ పెన్ను ఆగింది.

రామలింగం ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "పిన్నీ, బాబాయ్ పేరే రాయండి. సోమవారం నేను చెయ్యి పట్టుకుని తీసుకెళతాను. నా రాతేనని ఒక్క ముక్క అంటే చాలు. ఈ గదిలోది ఈ గదిలోనే ఉండిపోతుంది. ఏవండీ రామకోటేశ్వరరావు గారూ?"

కొత్త గుమస్తా అరచేతిలోని దారాలు చూస్తూ తల వంచుకున్నాడు.

"వద్దు బాబూ" అన్నాడు శౌరయ్య. "రెండేళ్ళు నీకూ, మీ నాన్నకీ సంతకం పెట్టి మరీ అబద్ధం చెప్పాను. ఇహ నీచేత కూడా చెప్పించలేను. నా పేరు నిలబడాలని ఇంత రాద్ధాంతం చేశాను. నిలబెట్టింది ఇదీ, దాని పేరు ఒక్క పేజీలో లేదు." ఆయన చెయ్యి గాలిలో వెతికి ఆమె భుజాన్ని పట్టుకుంది. "పుస్తకాలు రాసినవాళ్ళవని పొద్దుట నేనే అన్నాను. నీ పేరు రాయి అమలా."

కన్నీళ్ళకి కాగితం కనబడలేదు ఆమెకి. తుడుచుకుని, 'అమలమ్మ' అని రాసింది. ఆయన రాతతో కాదు, బళ్ళో నేర్చుకున్న తన సొంత రాతతో. రెండేళ్ళలో వేల వరసలు రాసిన చెయ్యి తన పేరు రాయడం ఇదే మొదలు.

కాగితం రామలింగం ముందుకి జరిపింది. అతను పెన్ను తీసుకున్నాడు. సంతకం పెడితే సోమవారం ఆఫీసరు ముందు ఆ పేరే చెప్పాలి, పుస్తకాల్లో సంతకం ఒకరిది, రాత ఇంకొకరిదంటే కొట్టు ఉంటుందో ఊడుతుందో. పెట్టకపోతే ఈయన ఇరవై మూడేళ్ళకీ అప్పగింత లేదు. సుబ్బరత్నం ఏడుపు మానేసి కొడుకు చేతినే చూస్తోంది. పెన్ను కాగితం దాకా వచ్చింది. అక్కణ్ణుంచి కిందికి దిగలేదు.

"ఏవమలా," అన్నాడు శౌరయ్య మెల్లిగా, ఆశగా, "పెట్టాడా సంతకం?"

కాగితం మీద ఏముంటే అది, ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా, రెండేళ్ళుగా ఆయనకి చదివి వినిపిస్తూ వచ్చింది అమలమ్మ. ఇప్పుడు ఆమెకి నోరు పెగల్లేదు.